పట్టా లేనివారి పేరు కూడా రికార్డుకెక్కాలి

పరిశ్రమ కోసం బొగ్గు విద్యుత్ కేంద్రం నిర్మించాలన్న ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు పక్షాల మాటే వినబడుతుంది. ఉద్యోగాలు వస్తాయనేది ఒకటి, భూములు పోతాయనేది మరొకటి. ఆ ఉద్యోగానికి తగిన చదువు గాని, పోగొట్టుకోవడానికి సెంటు భూమి గాని లేని మూడో పక్షం ఒకటుంది. మన ముస్లిం కుటుంబాలలో అనేకం ఆ పక్షానికే చెందుతాయి.

విశాఖ ఉక్కు కర్మాగారాన్నే చూద్దాం. బ్లాస్ట్ ఫర్నేసుకు కరెంటు ఆగితే అపారమైన నష్టం. అందుకే 315 మెగావాట్ల సొంత థర్మల్ కేంద్రం దానికి ఉంది. పరిశ్రమకు అటువంటి కేంద్రం ప్రాణాధారమన్నది ఒప్పుకోవలసిన మాటే. కాని మన దేశపు బొగ్గులో బూడిద పాలు ఎక్కువ. టన్ను బొగ్గు మండితే సుమారు మూడు, నాలుగు క్వింటాళ్ల బూడిద మిగులుతుంది. ఇటువంటి ఏ కేంద్రంలోనైనా కరెంటు ప్రహరీ లోపల ఖర్చవుతుంది, పొగ మాత్రం బయటి ఊళ్లమీదికి వస్తుంది.

బొగ్గు లేని కోనసీమకు ఈ చర్చ ఎందుకని కొందరు అడగవచ్చు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఇరవై మందికి పైగా మరణించారు. ఇంధనం ఏదైనా ముప్పు దాని పక్కన నివసించేవారిదేనని మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి పనికోసం పారిశ్రామిక ప్రాంతాలకు వెళ్లి అద్దె ఇళ్లలో కాపురాలు పెట్టిన బిడ్డలు మనకున్నారు.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ కేంద్రానికి కేటాయించిన బీల భూమి కాగితాలమీద పనికిరాని నేల. నిజానికది రైతుకు నీరు, మత్స్యకారునికి చేప ఇచ్చే చిత్తడి నేల. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఆ నేలమీద బతికేవారి వివరం మొదటే రికార్డులో నిలిచి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవేమో.

ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కాగితాల మధ్య గడిపినవాడిగా నేను చెప్పదలచినది ఇదే. ఫైలులో లేని మనిషి అధికారికి కనబడడు.

చట్టం మనకు కొంత తోవ చూపింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సభకు రాలేనివారు అభ్యంతరాన్ని రాసి పంపవచ్చు. అయితే ఆమోదం పొందిన పారిశ్రామిక వాడల లోపల వచ్చే యూనిట్లకు అదే ప్రకటన ఈ సేకరణ నుంచి మినహాయింపు కల్పించింది. కనుక వాడకు అనుమతి కోరిన రోజే మేల్కొనాలి. తరువాత అందులో బొగ్గు బాయిలరు పెట్టేటప్పుడు మనల్ని పిలవకపోవచ్చు.

2013 భూసేకరణ చట్టం భూమి లేనివారిని కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, దానివల్ల ప్రధాన జీవనాధారం దెబ్బతినే కౌలుదారులు, కూలీలు, చేతివృత్తులవారు ఆ నిర్వచనంలోకి వస్తారు. కాని మూడేళ్ల పనికి రుజువు ఏది? కొబ్బరి ఒలిచే కూలికి, దర్జీకి, తోపుడు బండి వ్యాపారికి రసీదు ఎవరిస్తారు? ఆ రుజువును ముందే సమకూర్చుకోవాలి.

మస్జిద్ కమిటీలు ఈ పనిని తమదిగా భావించాలి. ఏ ఇంట్లో ఎవరు, ఎన్నేళ్లుగా, ఏ పని చేస్తున్నారో ఒక పుస్తకంలో రాయించాలి. రేషను కార్డు, ఓటరు జాబితా నకళ్లు జతపరచాలి. ఖబరస్తాన్, ఈద్‌గా సర్వే నంబర్లు రెవెన్యూ రికార్డులోను, వక్ఫ్ బోర్డు రిజిస్టరులోను ఒకే విధంగా ఉన్నాయో లేదో సరిచూడాలి. సేకరణ నోటీసు వస్తే జుమా నమాజు తరువాత అందరికీ చదివి వినిపించాలి. ఇచ్చిన ప్రతి అర్జీకి రసీదు తీసుకోవాలి. ఇదే మూడో పక్షంలో ఉన్న దళిత, మత్స్యకార సోదరులను కలుపుకొని సాగితే మన అర్జీకి బలం పెరుగుతుంది.

పరిశ్రమ వద్దని మనం అనడం లేదు. దాని పొగ పీల్చేవారి లెక్క కూడా రాయమంటున్నాం. ఆ లెక్క మొదట మన చేతిలో సిద్ధంగా ఉండాలి.