పొగ మనది, కాటుక మనది. మన కళ్ళకు వాళ్ళ బూడిద ఎందుకు?

పోస్టు పెద్దది. ఓపిక ఉంటే చివరిదాకా చదవండి, లేకుంటే సేవ్ చేసుకుని రాత్రి చదవండి. సగం చదివి మాత్రం కామెంట్ పెట్టొద్దు.

పోయిన వారం ఇదే గ్రూపులో ఒక అన్న రాసిండు. హాస్టల్ ఆడపిల్లలు జీవో 3 గురించి నోరు తెరవరు గానీ, స్మోకీ ఐస్ ఎట్లా వేసుకోవాలో మాత్రం గంటలు గంటలు వీడియోలు చూస్తారట. దాని కింద బోలెడు లైకులు, నవ్వే బొమ్మలు. ఆ హాస్టల్ ఆడపిల్లలం మేమే. జవాబు చెప్పడానికి వచ్చినం.

ముందు జీవో 3 సంగతే చూద్దాం. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో ఆ జీవో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇది మాకు తెలుసు అన్నా. మాలో సగం మంది టీచర్ కావాలనే ఇంటి నుంచి బయలుదేరినోళ్ళం. ఆ తీర్పు దెబ్బ నీకెంత తగిలిందో మాకూ అంతే తగిలింది. తీర్పు తెలిసిన తలకాయ, కాటుక పెట్టుకున్న కళ్ళు ఒకే మనిషికి ఉండకూడదని ఏ చట్టంలో ఉంది?

ఇంకో మాట. జుట్టుకు రంగు వేసి, గడ్డానికి నూనె రాసి, ఫిల్టర్‌తో రెండు షేడ్లు తెల్లగా చేసుకుని డీపీ పెట్టే పోరగాళ్ళను ఉద్యమద్రోహులని ఎవరూ అనలేదు. మగవాళ్ళ కోసం ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ 2005లోనే వచ్చింది. ఆడపిల్లలే కొంటే అది ఇన్నేళ్ళు నడిచేదా? అద్దం మీ రూముల్లో కూడా ఉంది.

ఇక అసలు విషయం. మేము మేకప్ మంచిదా చెడ్డదా అని కొట్లాడటానికి రాలేదు. మా మొఖాల మీద మేకప్ పేరుతో ఏం జరుగుతోందో చెప్పడానికి వచ్చినం.

ఫోన్‌లో 'ఆసియా కళ్ళకు స్మోకీ మేకప్' అని వెతకండి. వచ్చే వీడియోల్లో ఎక్కువ భాగం కొరియా, జపాన్, చైనా అమ్మాయిల కళ్ళ మీదే ఉంటాయి. పైరెప్ప మీద మడత కనపడని కళ్ళు. వాళ్ళది ఆసియానే, కాదనం. మరి ఉట్నూరు ఏ ఖండంలో ఉంది? ఏటూరునాగారం ఎక్కడుంది? మా ఒక్క గదిలోనే లోతుగా ఉన్న కళ్ళున్నాయి, బరువుగా వాలిన రెప్పలున్నాయి, ఉబ్బెత్తుగా పెద్దగా ఉన్న కళ్ళున్నాయి. ఆసియా కన్ను అని ఒకటే కన్ను లేదు. లేని కన్ను కోసం చెప్పిన పాఠం మనకు అతకకపోతే తప్పు మన కన్నుది కాదు.

ఆ కొరియా అమ్మాయిలను తప్పు పట్టడం లేదు. వాళ్ళ కథ వింటే మన కథలాగే ఉంటుంది. రెప్పకు మడత ఉంటేనే అందమని వాళ్ళకూ నూరిపోసిర్రు. జపాన్‌లో మికామో అనే డాక్టర్ రెప్పకు మడత వేసే ఆపరేషన్ గురించి 1896లోనే రాసిండు. కొరియా యుద్ధం తర్వాత 1950లలో రాల్ఫ్ మిల్లార్డ్ అనే అమెరికా సర్జన్ అక్కడికి పోయి అదే ఆపరేషన్ చేసిండు. ఇవాళ్టికీ అక్కడ ఎక్కువగా జరిగే ఆపరేషన్లలో అదొకటి. మనకు చర్మం రంగు ఎట్లానో వాళ్ళకు రెప్ప మడత అట్లా. అయితే వాళ్ళలో చాలామంది ఒక తెలివైన పని చేసిర్రు. పాశ్చాత్యుల పాఠం ప్రకారం నల్లరంగు రెప్ప మడతలో వేయాలి. మడతే లేకపోతే ఎక్కడ వేస్తారు? అందుకని వెంట్రుకల దగ్గర ముదురు, పైకి పోయేకొద్దీ లేత, అట్లా పొగలాగ లేపుకున్నారు. కన్నును మార్చలేదు, పద్ధతిని మార్చిర్రు. మనం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది రంగు కాదు, ఈ ధైర్యం.

మన దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఆగస్టు 9 వస్తుంది, ఆదివాసీ దినోత్సవం. రేలా, కొమ్ము, దండారి, లంబాడీ ఆట, అన్నిటికీ మమ్మల్నే పిలుస్తారు. మేకప్‌కు ఒకావిడ వస్తుంది. ఒకటే డబ్బా, ఇరవై మొఖాలు. ముందు రెప్పలకు తెల్లటి బేస్ కొడుతుంది. అడిగితే, 'మీ రెప్పలు నల్లగున్నాయమ్మా, ముందు అది పోవాలి' అంటుంది. ఆ తెల్లటి దాని మీద బూడిదరంగు పూసి స్మోకీ అంటుంది. ఫొటోలో చూస్తే మొఖం ఒక ఊరు, మెడ ఇంకో ఊరు. ఆ లేత బేస్‌లలో తెల్లదనం కోసం కలిపే టైటానియం డయాక్సైడ్ మన రంగు మీద బూడిదగా తేలుతుంది, ఫ్లాష్ పడితే ఇంకా తెల్లగా కొడుతుంది. స్టేజి మీద మన పాట, మన ఆట, మన చీరకట్టు. మొఖం మాత్రం మనది కాదు. ఆదివాసీ దినోత్సవం రోజు ఆదివాసీ మొఖాన్నే దాచిపెట్టడం ఏం పండుగ?

అటు సినిమా వాళ్ళు చేసేది దీనికి తలకిందులు. అడవి పిల్ల పాత్ర ఉంటే తెల్లటి హీరోయిన్‌ను తెచ్చి నల్లరంగు పూస్తారు. నల్లరంగు వాళ్ళు పూసుకుంటే నటన, మాకు పుట్టుకతో ఉంటే లోపం. ఇదెక్కడి న్యాయం?

ఇంతకీ స్మోకీ అంటే ఏంది? పొగ. పొగ గురించి మనకు పాఠం చెప్పేదెవరు? కట్టెల పొయ్యి ముందు కళ్ళు ఎర్రబడేదాకా ఊదిన తల్లుల బిడ్డలం. కాటుక ఎట్లా పుడుతుందో మన అవ్వలను అడగండి. ఆముదం దీపం పెట్టి, పైన రాగి పళ్ళెమో ఇత్తడి పళ్ళెమో బోర్లించి, పట్టిన మసిని గీకి, ఆముదంతోనో నెయ్యితోనో రంగరిస్తారు. కాటుక అంటేనే పళ్ళెంలో పట్టిన పొగ. వేల ఏళ్ళ కిందటి ఈజిప్టులో ఆడా మగా కళ్ళకు నల్లరంగు దిద్దుకున్నారు. మన దేశంలో పసిపిల్ల నుంచి ముసలవ్వ దాకా పెట్టుకున్నారు. ఇంగ్లీషు పేరు పెట్టి డబ్బాలో అమ్మేసరికి అది మనకు అతకదని అంటున్నారు.

మా మాట ఒక్కటే. పొగ నలుపు నుంచే లేస్తుంది. మన రెప్పల మీద పుట్టుకతో ఉన్న ఆ ముదురు రంగు చెరపాల్సిన మచ్చ కాదు, అదే మొదటి పూత. తెల్ల మొఖం వాళ్ళు మూడు రంగులు పూస్తే గానీ రాని నీడ మనకు కడుక్కున్న మొఖం మీదే ఉంది. దాన్ని చెరిపి మళ్ళీ డబ్బులు పెట్టి కొనుక్కోవడం ఏం తెలివి?

మేము గదిలో ఒకరి కళ్ళ మీద ఒకరం చేసి చూసి నేర్చుకున్న పద్ధతి ఇది.

ఒకటి. రెప్పకు తెల్ల బేస్ వద్దు. మొఖం కడిగి, తుడిచి, రెప్ప జిడ్డుగా ఉంటే కొంచెం పౌడర్ అద్దితే చాలు.

రెండు. పైరెప్ప వెంట్రుకల వెంబడి కాజల్ పెన్సిల్‌తో లావుగా గీయాలి. వెంటనే ఇయర్ బడ్‌తోనో వేలితోనో పైకి పులమాలి. ఇప్పటి పెన్సిళ్ళు తొందరగా ఆరిపోతాయి, ఆరితే కదలవు. అందుకే ఒక కన్ను పూర్తిగా అయ్యాకే రెండోది.

మూడు. నల్లరంగు వెంట్రుకల దగ్గరే ఉండాలి. దాని పైన బూడిదరంగు, వెండిరంగు వద్దు. ఇటుకరంగు, రాగిరంగు, కాఫీపొడి రంగు, నేరేడుపండు రంగు తీసుకోండి. అంచులో వేసే రంగు మీ చర్మం కన్నా ఒక్క మెట్టు ముదురుగా ఉంటే చాలు, గీత కనపడకుండా కలిసిపోతుంది.

నాలుగు. కన్ను మూసి వేసినా, తెరిచి చూసుకోవాలి. అద్దంలోకి తిన్నగా చూడండి. రెప్ప బరువుగా వాలి ఉంటే వేసిన రంగంతా మడత కింద దాక్కుంటుంది, అందుకని మడతకు కొంచెం పైదాకా తీసుకుపోవాలి. కళ్ళు లోతుగా ఉంటే మడతలో ముదురు రంగు వేయొద్దు, ఇంకా లోపలికి పోయినట్టు ఉంటుంది. ముదురుది బయటి మూలకు, రెప్ప మధ్యలో మెరిసే రాగిరంగు. ఉబ్బెత్తు కళ్ళయితే రెప్పంతా ముదురుగా వేసినా బాగుంటుంది.

ఐదు. కింద వైపు బయటి సగం దాకా సన్నగా పులిమితే చాలు. కళ్ళ కింద బాగా నల్లగా ఉన్నవాళ్ళు కింద ఇంకా తక్కువ వేయండి, పైన ఎక్కువ వేయండి.

ఆరు. పడుకునే ముందు కొబ్బరినూనెతో తుడిచి కడుక్కోండి. ఒకరి కాజల్ ఇంకొకరు వాడొద్దు. హాస్టల్లో ఒకరికి కండ్లకలక వస్తే ఎంతమందికి పాకుతుందో అందరికీ తెలుసు.

ఇంతే. కాజల్ ఒకటి, గోధుమరంగు షేడ్ ఒకటి, ఇయర్ బడ్లు. కాజల్ కొనేటప్పుడు పేరు, కంపెనీ అడ్రసు, తయారీ తేదీ లేని జాతర సరుకు కొనకండి. రంగు కోసం సీసం కలపడం మన దేశంలో నిషేధం, కానీ పేరు లేని డబ్బాలో ఏముందో ఎవరు చూసిర్రు? అవ్వ చేసిన కాటుక అయినా సరే, పసిపిల్లల కళ్ళలో పెట్టొద్దని డాక్టర్లు చెప్తారు.

ఇదంతా ఆడపిల్లల సోకు ముచ్చట అనుకునేవాళ్ళు ఇక్కడ ఆగి చదవండి. ఈ ఏడాది చేరిన ఒక చెల్లె, ఫంక్షన్ ఫొటోల కింద వచ్చిన కామెంట్లు చూసి తన ఫొటోలన్నీ డిలీట్ చేసింది. తర్వాత మెడికల్ షాపులో ఒక ట్యూబు కొనుక్కుంది. మొదటి వారం తెల్లబడ్డట్టు అనిపించింది, తర్వాత మొఖమంతా ఎర్రగా, పొక్కులు. ఎండకు బయటికి రాలేకపోయింది. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. అట్లాంటి క్రీములు డాక్టర్ చీటీ మీద, కొన్ని రోజులకు మాత్రమే వాడాల్సినవి. ఊరికే రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది, మానేస్తే మంట, మొటిమలు. కళ్ళ చుట్టూ ఎక్కువ కాలం రాస్తే కంట్లో ప్రెషర్ పెరిగి చూపుకే ముప్పు. రెప్పల నలుపు పోగొట్టుకోవడానికి చూపు పోగొట్టుకోవాలా?

అన్నా, నువ్వు లైకులు కొట్టించుకున్న జోకుకు, ఆ ట్యూబుకు మధ్య దూరం చాలా తక్కువ. 'నీకెందుకే మేకప్' అన్న మాటలో 'నువ్వెంత వేసుకున్నా అంతే' అన్న మాట దాగి ఉంది. ఆడపిల్లకు అది వినపడుతుంది.

ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారడానికి 45 ఏళ్ళు పట్టింది, మనుషుల్లో ఇంకా మారలేదు. 2017లో రిహానా ఒక్కసారే 40 షేడ్ల ఫౌండేషన్‌తో ఫెంటీ బ్యూటీ మొదలుపెట్టింది. ముదురు రంగులు అమ్ముడుపోవు అన్న సాకు ఆ రోజుతో పోయింది. ఆ డబ్బాలు కొనే స్తోమత మాకు లేదు. సబ్బుకు, నూనెకు సర్కారు హాస్టళ్ళలో ఇచ్చే పైసలనే కాస్మెటిక్ చార్జీలు అంటారు, అదీ మాకు తెలిసిన కాస్మెటిక్స్. కానీ మా రంగుకు సరిపడా సామాను అడిగే హక్కు మాకుంది, కొన్నా కొనకపోయినా.

చివరగా మూడు మాటలు.

ఆగస్టు 9 కార్యక్రమాలు చేసే అన్నలకు: మేకప్ కోసం బయటివాళ్ళను పిలవాల్సిన పని లేదు. మా హాస్టల్లోనే చేతి వాటం ఉన్న పిల్లలున్నారు. ఆ డబ్బు వాళ్ళకివ్వండి. తెల్ల బేస్ వేయకూడదని ముందే చెప్పండి.

గ్రూపు అడ్మిన్లకు: ఆడపిల్లల ఫొటోల కింద రంగు మీద జోకులు పడితే తీసేయండి. కులం మీద జోకు పడితే తీసేస్తున్నారు కదా, ఇదీ అదే.

చెల్లెళ్ళకు: వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, వద్దనిపిస్తే మానండి. మన అవ్వలు పచ్చబొట్టు ఎవరి పర్మిషన్ అడిగి పొడిపించుకోలేదు. వేసుకుంటే మాత్రం మీ రెప్ప మీద మీ రంగును ఉంచి, దాని మీద వేసుకోండి. ట్యూబులు పారేయండి. పరీక్షలు దగ్గరకొచ్చినయ్, చదువుకోండి. సాయంత్రం ఎవరికైనా నేర్చుకోవాలని ఉంటే మా గదికి రండి, కాజల్ మాత్రం మీది మీరే తెచ్చుకోండి.

జీవో 3 మీద ఈసారి ధర్నా పెట్టినప్పుడు ముందు వరుసలో మేముంటాం. కళ్ళకు కాటుక ఉంటుంది. అన్నలు ఫొటో తీస్తే ఫిల్టర్ వేయకుండా పెట్టండి.

ఇట్లు,
ఎస్టీ గర్ల్స్ హాస్టల్, డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలం
జై ఆదివాసీ