ఐదు వందల్లో చాకు

మా హాస్టల్‌లో ఒకడి దగ్గర చాకు ఉందంటే రెండే అర్థాలు. వాడు రూమ్‌లో చాటుగా ఆమ్లెట్ వేస్తాడు, లేదా వాడితో పెట్టుకోవద్దు. నేను మొదటి రకం. పోయిన సెమిస్టర్‌లో నా బ్యాగ్ చూసిన వార్డెన్ సార్ మాత్రం రెండో రకం అనుకున్నారు. ఆయన తప్పేం లేదు. నల్ల బ్లేడు, దాని మీద పుర్రె బొమ్మ, వెనక రంపం పళ్లు. ఆ చాకుని చూస్తే ఒక్కోసారి నాకే నా మీద డౌట్ వచ్చేది.

చాకు పెట్టుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఆ చాకు కొనడం మాత్రం తప్పే. ఐదు వందల లోపు మంచి మడత చాకు దొరుకుతుంది. కాకపోతే మనం వీడియోల్లో చూసే రకం కాదు.

నాది 399 రూపాయలు. ఆన్‌లైన్‌లో "టాక్టికల్" అని రాసి ఉంది. యూట్యూబ్‌లో "ఎవ్రీడే క్యారీ" వీడియోలు ఓ నెల రోజులు చూసి, పది వేల రూపాయల చాకు కొనలేక, దానిలాగే కనిపించేది కొన్నాను. ఒంటి చేత్తో టక్కున తెరుచుకునేది. ఆ టక్ సౌండ్ కోసమే సగం డబ్బులు పెట్టాను అనుకోవచ్చు.

సంక్రాంతి సెలవుల తర్వాత ఓ ఆదివారం మహబూబాబాద్ దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. మిర్చి సీజన్. బస్తాలు కుడుతున్నారు. నా చాకు చూపించుకోవడానికి ఇంతకన్నా మంచి టైం ఎప్పుడొస్తుందని సుతిలి తాడు కోయడానికి కూర్చున్నా. తాడు గట్టిగా ఉంది. కొంచెం పైకి ఎత్తి నొక్కాను. లోపల లాక్ జారింది, బ్లేడు మడుచుకుని చూపుడు వేలు మీద పడింది. మూడు కుట్లు. కుట్ల నొప్పి కన్నా ఆ చేతికి అంటిన మిర్చి ఘాటే ఎక్కువ గుర్తుంది. అమ్మమ్మ కట్టు కడుతూ, "గిదేం కత్తి బిడ్డా, తాడు గొయ్యమంటె నిన్నే గోసింది" అంది. ఆమె రోజూ కూరగాయలు తరిగే కత్తిపీట కూడా మడతపెట్టేదే. నలభై ఏళ్లుగా వాడుతోంది.

ఆ తర్వాత కూర్చుని ఆలోచించాను. ఆ చాకులో ఉన్నది లైనర్ లాక్. పిడి లోపల ఒక పలచని రేకు ఉంటుంది. బ్లేడు తెరవగానే అది స్ప్రింగులా పక్కకి వచ్చి బ్లేడు మడమకి అడ్డం నిలుస్తుంది. ఆ రేకు మందం, అది ఆనే చోటు వంపు సరిగ్గా కుదిరితే చాలా బలమైన లాక్. కుదరాలంటే మెషీన్ పని ఖచ్చితంగా ఉండాలి, దానికి ఖర్చవుతుంది. 399లో పుర్రె బొమ్మ, క్లిప్పు, రంగు, డెలివరీ అన్నీ పోను ఆ ఖచ్చితత్వానికి ఎంత మిగులుతుంది?

లాక్ లేని చాకు అయితే వీపు వైపు ఒక స్ప్రింగు పట్టీ బ్లేడుని పట్టి ఉంచుతుంది, అంతే. గట్టిగా తోస్తే మూసుకుంటుంది. ఆ సంగతి మన చేతికి మొదటి రోజే తెలిసిపోతుంది కాబట్టి వేళ్లు అక్కడ పెట్టం. నమ్మలేని లాక్ కన్నా అసలు లాక్ లేకపోవడమే నయం అని నేను వాదించేది అందుకే. మంగలి కత్తికి లాక్ ఉండదు. 1897 నాటి ఆఫీసర్ కత్తి నుంచి వచ్చిన స్విస్ చాకుల్లో, అందరికీ తెలిసిన 91 మిల్లీమీటర్ల మోడళ్లకి ఇప్పటికీ బ్లేడు లాక్ లేదు. (అది కొనుక్కోండి అనలేను. నా బడ్జెట్ దాటి చాలా దూరం పోయింది.)

ఇక స్టీలు. ఇది సీఎస్ఈ వాళ్లకి నచ్చే విషయం. చైనా చాకుల మీద 3సీఆర్13, 8సీఆర్13 అని ఉంటుంది. అది మోడల్ నంబర్ అనుకున్నాను. కాదు, అది మంచి వేరియబుల్ పేరు లాంటిది, అర్థం అందులోనే ఉంది. ముందున్న అంకెని పదితో భాగిస్తే కార్బన్ శాతం, సీఆర్ తర్వాతది క్రోమియం శాతం. అంటే 3సీఆర్13లో కార్బన్ సుమారు 0.3, 8సీఆర్13లో 0.8. కార్బన్ ఎక్కువైతే ఉక్కు ఎక్కువ గట్టిపడగలదు, పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. క్రోమియం తుప్పుని ఆపుతుంది. ఏ నంబరూ లేకుండా "స్టెయిన్‌లెస్" అని మాత్రమే ఉంటే తక్కువ రకమే అనుకుని బేరం ఆడండి. మన ఊళ్లలో కమ్మరివాళ్లు లారీ కమాన్ పట్టీలతో కత్తులు కొడతారు కదా, ఆ ఉక్కులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 ఉంటుంది. తుప్పు పడుతుంది, మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. తుడిచి ఒక చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు.

కానీ స్టీలు గురించి ఇంత చదివాక కూడా నాకు అసలు ప్రశ్న తట్టలేదు. దాన్ని అడిగింది నా రూమ్‌మేట్ వాళ్ల తాత. వాళ్లది జనగామ దగ్గర పల్లె. ఆయన ఇప్పటికీ తాడి చెట్టు ఎక్కుతాడు. గెలని రోజూ పలచగా, కాగితమంత చెక్కాలి, మొద్దు కత్తితో గీస్తే గెల పాడవుతుంది. నేను ఫోన్‌లో స్టీలు టేబుల్ చూపిస్తుంటే ఓపిగ్గా విని, "అదంత సరే గని, నూరుడు వస్తదా నీకు?" అన్నాడు. రాదు. పుర్రె చాకుని కొన్న రోజు నుంచి ఒక్కసారి కూడా నూరలేదు. అది మొద్దుబారింది కాబట్టే ఆ రోజు తాడు మీద అంత బలం పెట్టాల్సి వచ్చింది. అంటే లాక్‌ని తిట్టడం సగం అన్యాయం.

అందుకే ఐదు వందల్లో వంద రూపాయలు సానరాయికి తీసి పక్కన పెట్టండి. అదీ లేకపోతే పింగాణీ కప్పు తిరగేయండి. అడుగున నునుపు లేని రింగు ఉంటుంది, దాని మీద నూరొచ్చు. బ్లేడు వాలు సుమారు 20 డిగ్రీలు, రెండు వైపులా సమానంగా. న్యూస్‌పేపర్ చిరగకుండా తెగితే పదును వచ్చినట్టు. రంపం పళ్లున్న బ్లేడుని ఇలా నూరలేం. ఆ పళ్లు వద్దనడానికి నాకు ఈ కారణం చాలు.

మా డాడీ భూపాలపల్లిలో సింగరేణి ఎలక్ట్రీషియన్. ఆయన జేబులో చెక్క పిడి మడత చాకు నేను పుట్టక ముందు నుంచీ ఉంది. వైరు ఒలుస్తాడు, జామకాయ కోస్తాడు. నూరి నూరి బ్లేడు సగం వెడల్పు అయింది. దాన్ని చూసి ఎవరూ ఏమీ అనుకోరు. నా పుర్రె చాకు చూసి అందరూ అనుకున్నారు. హిందీ సినిమాల్లో రౌడీలు తెరిచే రాంపురి చాకు పుట్టిన ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో 2023లో చౌరస్తాలో ఇరవై అడుగుల చాకు నిలబెట్టారు. అక్కడ అది ఊరి పనితనం. జేబులోంచి తీసినప్పుడు మాత్రం అది సినిమానే గుర్తు చేస్తుంది. మన చాకు ఎలా కనిపిస్తుందన్నది కూడా కొనేటప్పుడు చూడాల్సిందే. ఆయుధాల చట్టం కింద 2016లో వచ్చిన రూల్స్ 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడున్న కత్తుల్ని లెక్కలోకి తీసుకుంటాయి, ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి మినహా. మూడంగుళాల చాకు దానికి చాలా దూరం. అయినా విమానం క్యాబిన్‌లోకి రానివ్వరు, మెట్రో తనిఖీలో ఆపుతారు, అడిగే పోలీసుకి పుర్రె బొమ్మ గురించి వివరించడం కష్టం.

చివరికి జనగామలో ఒక స్టీలు సామాన్ల షాపులో కొన్నాను. 280. చెక్క పిడి, ఇత్తడి రివెట్లు, లాక్ లేదు, బ్లేడు మూడంగుళాల లోపే. షాపతను పది తీసి ముందు పోశాడు. ఒక్కోటి మెల్లగా తెరిచి, బ్లేడు పక్కలకి ఊగుతుందా చూశాను. మూసినప్పుడు మధ్యలో కూర్చుంటుందా, అంచు లోపల ఇనుముకి తగులుతుందా చూశాను. ఆరు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో ఈ పని చేయలేం. ఆ షాపతను విసుక్కోలేదు కూడా.

పుర్రె చాకు ఇంకా వార్డెన్ సార్ టేబుల్ సొరుగులోనే ఉంది, వెనక్కి అడగలేదు. కొత్తది ఇంట్లో ఉంది. దాన్ని వాచ్‌మన్ అన్న దగ్గర పెట్టి, కావాల్సినవాళ్లు రిజిస్టర్‌లో సంతకం చేసి తీసుకునేలా చేద్దామని సార్‌కి లెటర్ రాశాను. రెండు వారాలైంది, జవాబు రాలేదు. అప్పటిదాకా రూమ్‌లో ఉల్లిగడ్డని స్టీలు గ్లాసు అంచుతో కోస్తున్నాం.