ఉదయం స్టెంట్, రాత్రికి ఇల్లు

మా మదరసాలో అరబ్బీ వ్యాకరణం బోధించే ఒక పెద్దాయన గత శీతాకాలంలో మెట్లెక్కినప్పుడల్లా ఛాతీ బరువెక్కుతున్నదని చెప్పసాగారు. పరీక్షలు చేస్తే, గుండెకు రక్తం అందించే ధమనుల్లో ఒకటి బాగా సన్నబడిందని తేలింది. నిర్ణయించిన రోజు ఉదయం మణికట్టు గుండా స్టెంట్ అమర్చారు. ఇషా వేళకు ఆయన ఇంట్లో ఉన్నారు. ఈ వార్త విని సంతోషించినవారి కంటే అనుమానపడినవారే ఎక్కువ. "గుండెకు చికిత్స చేసి ఒక్క రాత్రయినా ఉంచుకోరా?" అన్నవారిలో మేమూ ఉన్నాము. తరువాత వైద్యులను అడిగి తెలుసుకున్న విషయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాము.

హకీములు తరతరాలుగా వేళ్ళు ఆనించి నాడి చూసిన చోటే ఆ ధమని ఉన్నది. పూర్వం తొడ మొదట్లోని పెద్ద ధమని గుండా గుండెను చేరేవారు. అది లోతుగా ఉంటుంది. అక్కడ లోలోపల రక్తం కారినా వెంటనే కంటికి కనబడకపోవచ్చు. అందుకే రోగి గంటల తరబడి కాలు కదపకుండా పడుకోవలసి వచ్చేది. మణికట్టు ధమని చర్మానికి దగ్గరగా, ఎముక మీదుగా సాగుతుంది. గాలి నింపిన చిన్న పట్టీ బిగిస్తే రక్తం ఆగుతుంది. రోగి కొద్దిసేపటికే లేచి కూర్చోగలడు. అరచేతికి రక్తం చేర్చే ధమని మరొకటి కూడా ఉండటం సృష్టికర్త చేసిన ఏర్పాటు.

ఇది నిన్నమొన్నటి ప్రయోగం కాదు. కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన లూసియన్ కాంపో మణికట్టు ద్వారా హృద్ధమనుల పరీక్ష చేసిన అనుభవాన్ని 1989లో ప్రకటించారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనీ 1992లో అదే దారిన స్టెంట్ అమర్చారు. స్టెంట్ వేసిన రోజే రోగులను ఇంటికి పంపిన అనుభవాన్ని ఆయన బృందం 1997లో ప్రచురించింది.

అయితే ఈ సౌకర్యం అందరికీ తగదు. గుండెపోటుతో వచ్చినవారు, గుండె కండరం బలహీనపడినవారు, మూత్రపిండాల జబ్బు ముదిరినవారు, చికిత్స క్లిష్టంగా సాగినవారు ఆసుపత్రిలో ఉండవలసిందే. ఇంట్లో తోడు లేనివారూ అంతే. మిగిలినవారిని కూడా కొన్ని గంటలు గమనించాకే పంపుతారు. ఆ నిర్ణయం వైద్యునిది, మన తొందరది కాదు.

రోగి ఇల్లు చేరాడంటే, ఆసుపత్రి కాయవలసిన ఆ రాత్రి కాపలా కుటుంబానికి అప్పగించబడిందని అర్థం. ఆ సంగతి మాకు ఆనాడు తోచలేదు. పరామర్శకు వెళ్ళి, అందరిలాగే మేమూ కరచాలనానికి చేయి చాచాము. పెద్దాయన కుమార్తె మెల్లగా అడ్డుపడింది. "చాచా! అబ్బా ఇవాళ చేయి కలపకూడదండీ, సలామ్ చాలు" అన్నది. మేము సిగ్గుపడి, త్వరగా సెలవు తీసుకున్నాము.

ఆ రాత్రి రోగిని ఒంటరిగా వదలరాదు. వైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ చేత్తో నీళ్ళ బకెట్ గాని, పసిపిల్లను గాని ఎత్తరాదు. సజ్దా నుండి లేచేటప్పుడు ఆ అరచేతిపై బరువు మోపరాదు. కట్టు తడపకూడనంత కాలం వుజూలో దానిపై తడిచేత్తో తుడిచే వెసులుబాటు ఉన్నది. రక్తం కారితే ఆ చోట వేళ్ళతో గట్టిగా అదిమి పట్టాలి. ఆగకపోయినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, మాట తడబడినా తెల్లవారే దాకా చూడక 108కి ఫోన్ చేయాలి. చేయి చల్లబడినా, తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే ఆసుపత్రికి తెలపాలి.

అసలు ప్రమాదం మూడు వారాల తరువాత ఎదురైంది. మిస్వాక్ చేస్తుండగా పెద్దాయన చిగుళ్ళ నుండి కొద్దిగా రక్తం వచ్చింది. ఎవరో శ్రేయోభిలాషి, "ఆ రక్తం పలచన చేసే మాత్రలు రెండు రోజులు ఆపండి" అన్నారు. ఆయన ఆ పూట మాత్ర పక్కన పెట్టారు. మాత్రల అట్ట చూసిన కుమార్తె వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసింది. సొంతంగా ఒక్క పూట కూడా ఆపవద్దన్నారు. స్టెంట్ ఒక లోహపు జాలీ. ధమని లోపలి పొర దాన్ని కప్పేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. గడ్డకట్టి దారి మూసుకుంటే అది గుండెపోటే, ప్రాణం పోవచ్చు. అందుకే ఆస్పిరిన్‌తో పాటు మరొక మాత్రను ఇలాంటి రోగులకు సాధారణంగా ఆరు నెలలు, గుండెపోటు వచ్చినవారికి ఏడాది వాడమంటారు. రోగిని బట్టి ఈ గడువు మారవచ్చు. పన్ను తీయించుకోవలసి వచ్చినా, రమజాన్ ఉపవాసాలు పాటించదలచినా ముందు గుండె వైద్యుని అడగాలి.

పెద్దాయన ఇప్పుడు మళ్ళీ పాఠాలు చెబుతున్నారు. మాత్రల సంచి క్యాలెండర్ పక్కన మేకుకు వేలాడుతున్నది. వేసుకున్న ప్రతి పూటా కుమార్తె తేదీ మీద గీత పెడుతున్నది. మమ్మల్ని చూసినప్పుడు ఇప్పుడాయనే ముందుగా చేయి చాస్తున్నారు.