దయ్యాల నాట్యానికి మృదంగం

వంగదేశంలో సందేశ్ అని ఒక మిఠాయి వున్నది. పాలు విరగగొట్టి, నీరంతా పిండేసి, పంచదార కలిపి చేస్తారు. సందేశ్ అంటే కబురు అని కూడా అర్థం. 1913లో కలకత్తాలో ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురీ అనే ఆయన పిల్లల కోసం ఒక మాసపత్రిక పెట్టి, దానికి ఈ పేరే పెట్టాడు. పత్రిక తియ్యగానూ వుండాలి, నాలుగు కబుర్లూ చెప్పాలి గదా! ఆయన కథలు రాసేవాడు, బొమ్మలు గీసేవాడు, ఫిడేలు వాయించేవాడు, ఫోటోలను చక్కగా అచ్చు వెయ్యటం ఎలాగా అని పరిశోధనలు చేసేవాడు. ఆయన తరవాత పత్రికను కొడుకు సుకుమార్ రాయ్ నడిపాడు. తలాతోకా లేని తమాషా పద్యాలు రాయటంలో సుకుమార్‌ను మించినవాడు లేడు. వంగదేశపు పిల్లలకు ఆ పద్యాలు ఈనాటికీ కంఠతా వచ్చు.

ఈ నెల మీకు చెప్పబోయేది సుకుమార్ కొడుకు సత్యజిత్ సంగతి. ఆయన సినిమాలు తీశాడు. ఆ సినిమాలకు సంగీతం కూడా తానే కట్టాడు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చెయ్యటం అరుదు.

సత్యజిత్ రాయ్ 1921 మే 2న కలకత్తాలో పుట్టాడు. రెండేళ్ళ నాలుగు నెలల వయసప్పుడు తండ్రి జబ్బుచేసి పోయాడు. కొంతకాలానికి అచ్చాఫీసూ పోయింది, ఇల్లూ పోయింది, పత్రికా నిలిచిపోయింది. తల్లి సుప్రభ పిల్లవాణ్ణి తీసుకుని తన అన్నదమ్ముల ఇంటికి చేరి, బళ్ళో కుట్టుపని నేర్పి జీతం తెచ్చుకునేది.

ఆ ఇంట్లో సత్యజిత్‌కు ఒక బొమ్మ గ్రామఫోను వుండేది. చిన్నతనం నుంచీ పాటలు వినటం ఆయనకు పిచ్చి. హైస్కూలులో వుండగా బీథోవెన్, మోజార్ట్ మొదలైన యూరపు సంగీత విద్వాంసుల రికార్డులు విన్నాడు. అది మొదలు చేతిఖర్చు డబ్బులన్నీ రికార్డులకే. మన కచ్చేరీలో విద్వాంసుడు రాగాన్ని తన మనోధర్మం కొద్దీ పెంచుతాడు. అదే కీర్తన ఇవాళ పది నిమిషాలు పాడితే రేపు అరగంట పాడవచ్చు. యూరపు పద్ధతి అలా కాదు. ఏ వాద్యం ఏ క్షణాన ఏ స్వరం పలకాలో ముందే కాగితం మీద రాసి వుంటుంది. సత్యజిత్ అలాంటి స్వరాల పుస్తకాలు కొని, పడుకునే ముందు మనం కథలు చదువుకున్నట్టు వాటిని చదువుకునేవాడు. ఈ అలవాటు తరవాత ఎందుకు పనికివచ్చిందో చూడండి.

కాలేజీ చదువు అయాక ఆయన శాంతినికేతనంలో నందలాల్ బోస్ దగ్గిర చిత్రలేఖనం నేర్చుకున్నాడు. 1943లో ఒక ప్రకటనల కంపెనీలో నెలకు ఎనభై రూపాయల జీతం మీద బొమ్మలు వేసే పనిలో చేరాడు. పుస్తకాలకు ముఖచిత్రాలు కూడా వేసేవాడు. అలా ఒకసారి విభూతిభూషణ్ బందోపాధ్యాయ రాసిన "పథేర్ పాంచాలి" నవలను పిల్లల కోసం కుదించి అచ్చు వేస్తుంటే, దానికి బొమ్మలు వెయ్యవలసి వచ్చింది. పల్లెటూరి అక్కాతమ్ముళ్ళు దుర్గా, అపూల కథ అది. బొమ్మలు వేస్తూ వుంటే ఇది సినిమాగా తియ్యాలని ఆయనకు బుద్ధి పుట్టింది.

డబ్బు పెట్టేవాళ్ళు దొరకలేదు. పాటలు లేవు, నాట్యాలు లేవు, స్టూడియో లేదు; నిజమైన పల్లెలో తీస్తాడట! నవ్విపోయారు. ఆయన తన బీమా పాలసీ మీద అప్పు తెచ్చి, ఉద్యోగం చేసుకుంటూనే, 1952 అక్టోబరు 27న మొదలుపెట్టాడు. కెమేరా పట్టిన సుబ్రత మిత్రకు అప్పటికి ఇరవై పైచిలుకు ఏళ్ళే. మొదట తీసినది, పిల్లలిద్దరూ తెల్లగా పూసిన రెల్లుపొదల్లోంచి పరిగెత్తి రైలును చూసే ఘట్టం. కొంత తీశారు. మిగతాది తీద్దామని మరుసటి ఆదివారం వచ్చి చూస్తే ఒక్క పువ్వు లేదు! మధ్యలో పశువులు వచ్చి రెల్లంతా మేసి పోయాయి. మళ్ళీ రెల్లు పూసేదాకా ఏడాది ఆగవలసి వచ్చింది.

ఆ తరవాత డబ్బు కూడా అయిపోయింది. ఆయన రికార్డులూ, పుస్తకాలూ, భార్య విజయ నగలూ వెళ్ళాయి. అయినా చాలక నెలల తరబడి పని ఆగిపోయింది. ఆ రోజుల్లో సత్యజిత్‌కు మూడే భయాలు: అపూ గొంతు మారిపోతుందేమో, దుర్గ పెద్దదైపోతుందేమో, ముసలమ్మ వేషం వేస్తున్న చునీబాలా దేవి పోతుందేమో! ఆమెకు దాదాపు ఎనభై ఏళ్ళు. ఈ మూడూ జరగలేదు. కాని మిఠాయిలమ్మే మనిషి వేషం వేసినవాడు మధ్యలో చనిపోయాడు. అటువంటి ఆకారం గలవాణ్ణి ఇంకొకణ్ణి వెతికి, వీపు మాత్రమే కనిపించేట్టు తీశారు. సినిమాలో ఆ మిఠాయివాడి వెంట పిల్లలూ, పిల్లల వెంట ఒక కుక్కా నడుస్తుంది. ఆ కుక్క ఎంత పిలిచినా రాలేదు. చివరకు దుర్గ చేత ఒక సందేశ్ పట్టించి, చెయ్యి వెనక్కు పెట్టుకుని నడవమన్నారు. వచ్చింది!

ఆఖరుకు పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. పేరులో "పథం" అని వుంది గనక ఆ ఖర్చును రోడ్ల బాగుచేత పద్దులో రాసుకున్నారు. 1955లో చిత్రం విడుదలయింది. మరుసటి ఏడు ఫ్రాన్సులో కాన్ చిత్రోత్సవంలో బహుమానం పొందింది.

దీనికి సంగీతం కట్టినది సితారు విద్వాంసుడు రవిశంకర్. ఆయనకు తీరిక లేక ఒక్క రాత్రిలో దాదాపు పదకొండు గంటలు కూర్చుని వాయించి ముగించాడు. అందులో ఒక చోట తల్లి భోరుమని ఏడుస్తుంది. ఆమె గొంతు మనకు వినిపించదు. దానికి బదులు కమానుతో వాయించే తార్ షెహనాయి పలుకుతుంది. నిజమైన ఏడుపు వినిపించి వుంటే మన గుండె అంతగా కదిలేది కాదేమో.

తరవాత విలాయత్ ఖాన్, అలీ అక్బర్ ఖాన్ వంటి మహావిద్వాంసులు ఆయన చిత్రాలకు సంగీతం ఇచ్చారు. కాని చిక్కేమంటే, సినిమా ఫిలిం సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల చొప్పున, నిమిషానికి తొంభై అడుగుల చొప్పున నడుస్తుంది. ఒక ఘట్టం నలభై సెకన్లయితే సంగీతమూ నలభై సెకన్లే. తలుపు తెరిచిన క్షణాన స్వరం మారాలంటే ఆ క్షణానే మారాలి. రాగాన్ని తీరిగ్గా పెంచే విద్వాంసులకు ఇది సంకెళ్ళు వేసినట్టుంటుంది. అందుచేత 1961లో వచ్చిన "తీన్ కన్యా" నుంచి సత్యజిత్ తన చిత్రాలకు తానే సంగీతం కట్టుకున్నాడు. వరుసను ఈలవేసి చూసుకునేవాడు, పియానో మీద వాయించి చూసేవాడు, తరవాత ఏ వాద్యానికి కావలసిన స్వరాలు ఆ వాద్యానికి కాగితం మీద రాసి ఇచ్చేవాడు. చిన్నప్పుడు పక్క మీద చదివిన పుస్తకాల విద్యే ఇది.

అదే 1961లో ఆయన తాతగారి "సందేశ్" పత్రికను మళ్ళీ బతికించాడు. దానికి బొమ్మలు వేశాడు, కథలు రాశాడు. శంకు అనే శాస్త్రజ్ఞుడూ, ఫెలూదా అనే డిటెక్టివూ అందులోనే పుట్టారు. 1992లో అమెరికావారి ఆస్కార్ బహుమానం ఆయన ఆస్పత్రి మంచం దగ్గిరికే వచ్చింది. ఆ ఏడే భారతరత్న బిరుదూ వచ్చింది. ఏప్రిల్ 23న ఆయన చనిపోయాడు.

మీరు తప్పక చూడవలసిన చిత్రాన్ని చివరకు అట్టేపెట్టాను. నాన్న తీసే సినిమాలన్నీ పెద్దవాళ్ళవే అని కొడుకు సందీప్ గోల పెట్టాడు. సరేనని సత్యజిత్ తన తాత "సందేశ్"లో రాసిన కథ తీసుకుని, 1969లో "గూపీ గాయేన్ బాఘా బాయేన్" తీశాడు. గూపీ పాడితే కర్ణకఠోరం. రాజు గాడిద మీద ఎక్కించి వూరినుంచి వెళ్ళగొడతాడు. డోలు వాయించే బాఘా గతీ అంతే. ఇద్దరూ అడవిలో కలుసుకుని, భయం పోవటానికి పాడుతూ వాయిస్తూ వుంటే దయ్యాలు మెచ్చుకుని నాట్యం మొదలుపెడతాయి! ఈ నాట్యం ఆరు నిమిషాలకు పైగా సాగుతుంది. రాజుల దయ్యాలు, రైతుల దయ్యాలు, దొరల దయ్యాలు, బానపొట్టల దయ్యాలు అని నాలుగు జట్లు. ఒక్క మాట వుండదు, ఒక్క పాట వుండదు. మరి సంగీతం? మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్! మన కచ్చేరీల్లో మనం వినే తాళవాద్యాలే. రాజుల దయ్యాలకు దర్జాగా మృదంగం ఇచ్చాడు. బానపొట్టలకు టొయ్ టొయ్‌మనే మోర్సింగ్. వంగభాష ఒక్క ముక్క రాకపోయినా ఈ నాట్యం చూసి మీరు నవ్వవచ్చు.

నాట్యం అయాక భూతరాజు నక్షత్రంలా మెరుస్తూ ప్రత్యక్షమై, ముక్కుతో మాట్లాడుతూ ఇద్దరికీ మూడు వరాలిస్తాడు. ఆ గొంతు ఎవరిదో తెలుసా? సత్యజిత్ రాయ్‌దే. తాను మాట్లాడి, యంత్రం చేత మార్పించి పెట్టాడు.