కాస్త తగ్గించండి

పోయిన మంగళవారం మా పెద్దమ్మకు కళ్లు చూపిద్దామని బెజవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు గంటలు కూర్చోబెట్టారు. అందుకు బాధ లేదు, జనం అంతమంది ఉన్నారు. బాధంతా గోడ మీది టీవీతోనే. వార్తల చర్చలో నలుగురు ఒకేసారి అరుచుకుంటున్నారు. చుక్కల మందు వేయించుకుని కళ్లు మూసుకున్న ముసలివాళ్లు వరసగా కూర్చుని ఆ కేకలు వింటున్నారు. కాస్త తగ్గించమ్మా అని కౌంటర్లో అమ్మాయినడిగితే, రిమోట్ డాక్టరు గారి గదిలో ఉందండీ అంది.

ఆ రాత్రి లైటు తీసేసి, సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978లో చేసిన ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ పెట్టుకున్నాను. యాంబియెంట్ సంగీతం అంటారు దీన్ని. జర్మనీలో కొలోన్ విమానాశ్రయంలో కూర్చున్నప్పుడు అక్కడి మోత నచ్చక, ఎదురుచూసే మనిషికి ఊరటనిచ్చే సంగీతం చేయాలని ఆయనకు తట్టిందట. అందులో రెండో భాగంలో గొంతులు తప్ప వాయిద్యం లేదు. ఒక్కో స్వరం ఒక్కో టేపు చుట్ట మీద తిరుగుతుంటుంది. ఒకటి ఇరవై మూడున్నర సెకన్లకు, ఇంకొకటి సుమారు 26కి, మరొకటి సుమారు 30కి మళ్లీ వస్తాయి. ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో ముందుగా ఎవరూ రాసిపెట్టలేదు.

నాకిది చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే అనిపించింది. అవనిగడ్డ వైపు మా మేనమామ గారి ఊళ్లో, శివారు పొలాలకు కాలవ నీళ్లు ఎక్కక రాత్రుళ్లు ఆయిల్ ఇంజన్లతో తోడేవాళ్లు. అరుగు మీద పడుకుంటే దూరంగా ఒక ఇంజను, ఇంకా దూరంగా ఇంకొకటి. కాసేపు రెండూ ఒకే దెబ్బ మీద నడిచేవి. తర్వాత ఒకటి వెనకబడేది. మళ్లీ ఎప్పుడు కలుస్తాయా అని చెవి రిక్కించి, వింటూ వింటూ నిద్రపోయేవాణ్ణి. ఈనోను వినడమూ అంతే. మొదట మనసు పల్లవి ఏదీ, చరణం ఏదీ అని వెతుకుతుంది. దొరకవు. వెతకడం మానేశాక ఫ్యాను చప్పుడు, పక్కింటి నీళ్ల మోటారు, సందు చివర కుక్క, అన్నీ వచ్చి ఆ సంగీతంలో కూర్చుంటాయి. అదే గది, ఎంతో విశాలంగా ఉంటుంది.

ఎలక్ట్రానిక్ సంగీతం అనగానే మన పెద్దలు మొహం చిట్లిస్తారు. మరి తంబురా మాటేమిటి? తీగ ఆనే చోట సన్నటి నూలుపోగు దూర్చి, దాన్ని వెంట్రుకవాసి జరిపితే చాలు, ఒక్క తీగలోంచి ఎన్నో స్వరాలు గుమ్మని లేస్తాయి. పాట లేదు, తాళం లేదు, ఎక్కడికో చేరాలన్న తొందర లేదు. పొద్దున్నే ఆకాశవాణి మొదలయ్యే ముందు వచ్చే సంకేత సంగీతంలో వయొలిన్ కింద పరుచుకుని ఉండేది ఆ తంబురాయే. హిట్లర్ బారి నుంచి తప్పించుకుని బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ కట్టిన బాణీ అది. విజయవాడ కేంద్రం 1948లో వచ్చింది. డెల్టాలో ఎన్ని ఇళ్లు ఆ నాదంతో నిద్రలేచాయో! మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రిన్సిపాలుగా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరిది. అలాంటి ఊళ్లో ఈరోజు కచేరీకి వెళితే శ్రుతి వినపడదు. తంబురా బదులు శ్రుతిపెట్టె పెట్టుకున్నందుకు నాకు అభ్యంతరం లేదు. దాన్ని ముంచేసేలా మృదంగం మైకు ఎందుకు పెంచుతారు? శ్రుతి చెవిన పడకపోతే పాడేవాడు అరవక ఏం చేస్తాడు?

ఈ మోతలను ఆపే చట్టం లేదా అంటే ఉంది. 2000 నాటి నిబంధనల ప్రకారం ఇళ్ల మధ్య రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రికి 100 మీటర్ల లోపు నిశ్శబ్ద మండలంలో 40. రాత్రి పది దాటితే వీధిలో లౌడ్‌స్పీకరు మోగకూడదు. మా వీధిలోకి పెళ్లి డీజే బండి వచ్చేదే పదకొండింటికి. అలమరలో స్టీలు గిన్నెలు వాటంతటవే మోగుతాయి. మొన్న పక్కింటావిడ నెలల పిల్ల చెవులు రెండు చేతులా మూసి వంటింట్లోకి పరిగెత్తింది. అడిగితే ఒక్కరోజే కదండీ అంటారు. మాఘమాసం పొడుగునా ఎవరిదో ఒకరి ఒక్కరోజే.

పెద్దమ్మను వచ్చే మంగళవారం మళ్లీ రమ్మన్నారు. ఈసారి డాక్టరు గారినే అడుగుతాను. ఈనోను పెట్టమని కాదు, ఆ రిమోట్ కౌంటర్లో అమ్మాయి చేతికివ్వమని.