నిమ్మలకుంట దీపానికి ఒక కీలు కావాలి

తోలుబొమ్మలాట మేళాలు ఊరూరా తిరిగిన కాలంలో మనిషెత్తు రాముడు, పది తలల రావణుడు, కేతిగాడు, బంగారక్క అందరూ ఒకే పెట్టెలో ఒకరి మీద ఒకరు సర్దుకుని ప్రయాణం చేసేవారు. బొమ్మ ఎంత పెద్దదైనా అది పలచని తోలు. పైగా ఒకే ముక్కగా ఉండదు. తల, మొండెం, చేతులు, కాళ్లు విడివిడిగా కోసి, కీళ్ల దగ్గర రంధ్రం చేసి, దారం దూర్చి, రెండు వైపులా ముడి వేస్తారు. ముడి మరీ బిగిస్తే చెయ్యి ఆడదు, వదిలేస్తే వేలాడిపోతుంది. తెర మీద హనుమంతుడు గంతులు వేయడమూ, ఆట ముగిశాక మడతపడి పెట్టెలోకి చేరడమూ ఆ ముడి చలవే. తోలుబొమ్మ అనగానే మనకు రంగులు గుర్తొస్తాయి, ఉలితో కొట్టిన సన్నని చిల్లుల్లోంచి మెరిసే నగలు గుర్తొస్తాయి. కీలును పొగిడినవాళ్లు అరుదు. ఈ కళ ఇవాళ ఏ వస్తువుల మీద ఆధారపడి బతుకుతోందో వాటిలో లేకుండా పోయింది సరిగ్గా ఆ కీలే.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు కూడా ఉంది. ఆటకు పిలిచేవాళ్లు తగ్గిపోయాక అక్కడి కుటుంబాలు అదే మేకతోలు మీద, అదే గీతతో లాంప్‌షేడ్లు, గోడకు వేలాడదీసే బొమ్మలు, గదుల మధ్య అడ్డుతెరలు చేస్తూ నిలబడ్డాయి. వీటన్నిటిలో లాంప్‌షేడ్ అసలైన వారసురాలు. తెర వెనక వెలిగే దీపాన్ని అది ఇంటి మూలకు తెచ్చింది. కానీ దాని తయారీ చూడండి. ఇనుప తీగ చట్రం, దాని చుట్టూ తడి తోలు, అంచుల వెంట దారపు కుట్టు. ఆరాక తోలు బిగుసుకుంటుంది, ఇక విప్పే వీలుండదు. లోపలంతా ఖాళీ. కొరియర్ సంస్థలు బరువుతో పాటు పెట్టె కొలత చూసి కూడా డబ్బు కట్టించుకుంటాయి కాబట్టి అరకిలో కూడా తూగని వస్తువుకు కొన్నవాడు గాలికి కిరాయి కట్టాలి. దారిలో చట్రం వంకర పోతే ఆ నష్టం చేసినవాడి నెత్తిన. ప్రదర్శనలో ముచ్చటపడి చేతిలోకి తీసుకున్నవాళ్లు రైల్లో ఎలా తీసుకెళ్లాలో తోచక కిందపెట్టి వెళ్లిపోతారు. పెట్టెలో పడుకుని దేశం తిరిగిన కళ ఇలా డొల్ల వస్తువులో ఇరుక్కుంది.

దీనికి కావలసిన విరుగుడు చిన్నది, చవకైనది, ప్రతి ఫ్యాన్సీ దుకాణంలో దొరికేది: టిచ్ బటన్. పైన ఒకటి, కింద ఒకటి రెండు విడి వలయాలు, వాటి చుట్టూ చుట్టే ఒక్క తోలు పట్టీ, రెండు అంచులు ఒకదానిమీదికి ఒకటి వచ్చే చోట మూడు బటన్లు. విప్పితే బల్లపరుపు కవరులో పంపొచ్చు, నొక్కితే దీపం. జర్మనీలో హెరిబర్ట్ బౌయర్ 1885లో మగవాళ్ల ప్యాంట్ల కోసం పేటెంట్ తీసుకున్న ఈ చిన్న వస్తువు చొక్కాల నుంచి సంచుల దాకా పాకింది. మన తోలు పనివాళ్లకు దీన్ని పద్ధతిగా బిగించడం మాత్రం ఎవరూ శ్రద్ధగా నేర్పలేదు. నా వాదన అంతా ఇక్కడే ఉంది. హస్తకళల శిక్షణ అంటే కొత్త డిజైన్లు, కొత్త రంగులు, ఒక స్టాలు అనుకునే అలవాటు మానుకుని, బిగింపును కూడా ఒక విద్యగా నేర్పాలి.

అది విద్యే. బటన్‌లో నాలుగు ముక్కలుంటాయి. బయటికి కనిపించే టోపీకి ఒక కాడ ఉంటుంది. అది తోలులోంచి దూరి అవతలి గిన్నె ముక్కను పట్టుకుంటుంది. ఎదుటి అంచులో బుడిపె, దాన్ని అడుగు నుంచి పట్టే మరో కాడ ముక్క ఉంటాయి. గిన్నెలోని స్ప్రింగు బుడిపె మెడను పట్టుకున్నప్పుడే ఆ టిక్కుమనే చప్పుడు. బిగింపు మంచి చెడ్డలన్నీ కాడ దగ్గర తేలిపోతాయి. బెల్టు తోలుకు సరిపడే కాడ మేకతోలుకు చాలా పొడవు. సుత్తి దెబ్బకు అది నిలువునా అణగకుండా పక్కకు వాలిపోతుంది, టోపీ వంకరగా కూర్చుంటుంది, పది సార్లు తీసి పెట్టేసరికి ఊడి చేతికొస్తుంది. పొట్టిదైతే అంచు మడతపడేంత లోహమే మిగలదు. అడుగున గట్టి ఇనుప దిమ్మె పెట్టుకుని, సెట్టర్‌ను నిటారుగా నిలిపి, ఒకే పెద్ద దెబ్బ కాకుండా రెండు మూడు మితమైన దెబ్బలు వేస్తే కాడ అంచు పువ్వు రేకుల్లా చుట్టూ సమంగా విచ్చుకుంటుంది. బొటనవేలితో టోపీని తిప్పి చూడాలి. తిరిగితే బిగింపు చాలలేదన్నమాట. రంధ్రం గుండ్రటి పంచ్‌తోనే కొట్టాలి. కత్తి మొనతో చీల్చితే ఆ చీలిక చివర నుంచే తోలు చిరుగుతుంది.

మేకతోలుతో ఇంకో చిక్కు ఉంది. బొమ్మల తోలు ఊనిన తోలు, అంటే పదును చేసిన తోలు, కాదు. వెంట్రుకలు గీకి, సాగదీసి ఎండబెట్టిన పచ్చి తోలు. దీపం వెలుగు దానిలోంచి దిగేది అందుకే. బటన్ లాగిన ప్రతిసారీ ఆ బలమంతా రంధ్రం అంచు మీదే పడుతుంది, పలచని పచ్చి తోలు దాన్ని ఎక్కువ కాలం మోయలేదు. కాబట్టి బటన్లను నేరుగా బొమ్మ తోలుకు కొట్టకూడదు. అంచు వెంట ఊనిన తోలు పట్టీ ఒకటి కుట్టి, బటన్లను ఆ పట్టీకి బిగించాలి. బొమ్మ చెక్కుచెదరదు, బరువు పట్టీ మీదికి పోతుంది. ఆ పట్టీ తంగేడు చెక్కతోనో కరక్కాయతోనో ఊనినదైతే ఇనుప బటన్ దగ్గరికి కూడా రానివ్వకూడదు. చెట్టు ఊనికలోని వగరు, ఇనుము, కాస్త తేమ కలిస్తే నల్లమచ్చ ఖాయం. కలంకారీవాళ్లు బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద నల్ల గీత రాబట్టేది ఇదే గుణంతో. బట్ట మీద అది కళ, తోలు మీద అది కస్టమర్ తిప్పి పంపే సరుకు. ఇత్తడి బటన్‌కు ఆ బెడద ఉండదు. అయస్కాంతం దగ్గర పెడితే ఏది ఇత్తడి, ఏది పూత పూసిన ఇనుము అన్నది క్షణంలో తెలిసిపోతుంది. టోకున కొనే ముందు ఈ పరీక్ష చేయడం శిక్షణలో మొదటి రోజే నేర్పాల్సిన పని.

సంప్రదాయ వస్తువులో ఫ్యాక్టరీ బటన్ ఏమిటని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. వాళ్ల ఆవేదన నాకు అర్థమవుతుంది, బొమ్మల విషయంలో నేను వాళ్ల పక్షమే. ఆడే బొమ్మ కీలుకు దారం ముడి ఇచ్చే సాగు, సవ్వడి లేని కదలిక ఏ లోహమూ ఇవ్వదు. అక్కడ దారమే ఉండాలి. కానీ లాంప్‌షేడ్‌కు ఆ లెక్క వర్తించదు. దాని లోపల బల్బు ఉంది, హోల్డర్ ఉంది, వెల్డింగ్ చేసిన చట్రం ఉంది. మేళాలు కూడా ఆముదం దీపాల నుంచి పెట్రోమాక్సుకు, అక్కడి నుంచి కరెంటుకు మారాయి. చెట్ల రంగుల స్థానంలో సీసా రంగులు వచ్చాయి. ఇన్ని వచ్చాక సంప్రదాయం ఒక్క ఇత్తడి బటన్ దగ్గర చెడిపోతుందనడం న్యాయం కాదు. దీనికంటే బలమైన అభ్యంతరం తోలు స్వభావం గురించినది. పొడి గాలిలో తయారైన పచ్చి తోలు విశాఖకో చెన్నైకో చేరితే తేమ పీల్చుకుని వదులవుతుంది. చట్రానికి కుట్టి ఆరబెట్టిన తోలులోని డప్పు బిగువు బటన్ల షేడ్‌కు రాదు. నిజమే. అందుకే పెద్ద కుండల ఆకారాలను పాత పద్ధతిలోనే ఉంచి, చిన్న గొట్టం ఆకారపు షేడ్లతో మొదలుపెట్టాలి. పట్టీలో బుడిపెలను రెండు వరసలుగా పెడితే వదులైనప్పుడు ఒక వరస లోపలికి నొక్కుకోవచ్చు. ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక వేడి తగ్గింది కాబట్టి తోలు ముడుచుకుపోయే భయం కూడా మునుపటంత లేదు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేలలో, వేరుశనగ పోయి జనం బెంగళూరు బండి ఎక్కుతున్నప్పుడు, బటన్ల గురించి ఇంత చర్చ అవసరమా అని అడగవచ్చు. ఈ నేలలో పంటకంటే నమ్మకంగా నిలిచింది మేకలు, గొర్రెలే. వాటి తోలు పచ్చిగా అమ్ముడుపోతే వచ్చేది స్వల్పం. దాని మీద ఒక కుటుంబం వారం రోజులు గీసి, చెక్కి, రంగు వేస్తే విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువలో రవాణా, విరిగిన సరుకు, తిరుగు సరుకు ఎంత తినేస్తున్నాయో చూడకుండా ఉపాధి గురించి మాట్లాడితే లాభం లేదు. వాన మన చేతిలో లేదు, ఇది ఉంది. దీనికి కొత్త పథకం పెట్టాల్సిన పని కూడా లేదు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టేవాళ్లూ ఉన్నారు, బొమ్మలు చేసేవాళ్లూ ఉన్నారు. పనిముట్లకు రూ.15,000 ఇస్తారు. ఆ పనిముట్ల సంచిలో పంచ్‌ల జత, సెట్టర్, ఇనుప దిమ్మె, రెండు మూడు కాడ పొడవుల ఇత్తడి బటన్లు చేర్చడం అధికారులకు పెద్ద భారం కాదు. 1948 నుంచి తోలు మీదే పరిశోధన చేస్తున్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థ పక్కనే చెన్నైలో ఉంది. పచ్చి మేకతోలుకు ఏ మందం పట్టీ, ఏ కొలత బటన్ సరిపోతాయో అక్కడ పరీక్షించి, ఒక పేజీ తెలుగులో రాసి ఊరికి ఇప్పించాలి. నిమ్మలకుంట ఉన్న జిల్లాలోని ఊరి పేరే పెట్టుకున్న లేపాక్షి ఎంపోరియాలు ఆ తర్వాతి పని చూడాలి. విప్పి పంపగల షేడ్లకు ముందస్తు ఆర్డరు, సగం డబ్బు అడ్వాన్సు ఇవ్వాలి. మొదటి విడతలో ఊడిన బటన్ల ఖర్చు కళాకారుడి మీద వేయకుండా ఆ ఎంపోరియాలే భరించాలి.