క్వార్టర్లలోని యువ ఓటర్లు



ఎన్నికలు వచ్చినవంటే మన రెండు శాఖలకు ఊపిరి సలపదు. ఓటరు గుర్తింపు కార్డులను స్పీడ్ పోస్టులో ఇంటింటికి చేర్చేది తపాలా ఉద్యోగులు. భద్రతా బలగాలను రాష్ట్రము నుండి రాష్ట్రమునకు తరలించే ప్రత్యేక రైళ్లను నడిపేది రైల్వే కార్మికులు. మరి మన క్వార్టర్లలో పెరిగిన పిల్లలలో ఎందరి పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నవి? ఏ కాలనీలో విచారించినను తృప్తికరమైన సమాధానము రావడము లేదు.

దీనికి యువతరము ఉదాసీనతే కారణమనడము అన్యాయము. మనది బదిలీల బ్రతుకు. పిల్లవాడు పుట్టినది గుంతకల్లులో, చదివినది ఖరగ్‌పూర్‌లో, వయస్సు వచ్చేనాటికి తండ్రి ఉద్యోగము కాజీపేటలో. ఎక్కడ నమోదు చేయించవలెను? సాధారణముగా నివసించే చోటనే అని చట్టము చెప్పుచున్నది. సొంత ఇల్లు అక్కరలేదు, క్వార్టరు చాలును. క్రొత్తవారికి 6వ నంబరు ఫారము, నివాసము మారినవారికి 8వ నంబరు ఫారము. పూర్వము జనవరి 1 ఒక్కటే అర్హత తేదీ; 2022 నుండి ఏప్రిల్, జూలై, అక్టోబరు 1వ తేదీలు కూడ చేరినవి. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు చేసుకొనవచ్చును.

61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమలులోకి వచ్చువరకు 21 నిండనిదే ఓటు లేదు. 1974 మే నెలలో 20 రోజులు సాగిన రైల్వే సమ్మెలో వేలాదిమంది ఉద్యోగాలు పోయినవి. 1977 ఎన్నికలలో ప్రభుత్వము మారిన తరువాతనే వారిని తిరిగి తీసుకొనుట జరిగినది. ఆ రోజులలో 18 ఏళ్లకు ఖలాసీగా చేరినవాడు సమ్మె చేయగలడు, జైలుకు పోగలడు. ఓటు మాత్రము వేయలేడు!

“రాజకీయాలతో మాకేమి పని” అనే యువ ఉద్యోగులను మేము తరచు చూచుచున్నాము. 2004 జనవరి 1 నుండి చేరినవారికి పాత పింఛను లేకుండా చేసినది ఎన్నికైన ప్రభుత్వమే గదా!

రన్నింగ్ సిబ్బంది సమస్య వేరు. పోలింగు నాడు వారు లైనులో ఉందురు. ఎన్నికల సంఘము గుర్తించిన అత్యవసర సేవలలోనివారు 12-డి ఫారముతో తపాలా ఓటు కోరవచ్చును. కాని నోటిఫికేషన్ వెలువడిన 5 రోజులలో ఆ ఫారము అందవలెను. డ్యూటీలో ఉన్నవానికి 5 రోజులు తెలియకుండానే గడచిపోవును. ఈ పనిని బ్రాంచి కార్యదర్శులే నెత్తిన వేసుకొనవలెను.

ఓటు ఎవరికి వేయవలెనో మేము చెప్పబోవడము లేదు. వచ్చే అర్హత తేదీలోగా ప్రతి బ్రాంచి తన పరిధిలోని క్వార్టర్లను ఒక్కసారి చుట్టి రావలెనని, 6వ నంబరు ఫారములు యూనియన్ ఆఫీసులో సిద్ధముగా ఉంచవలెనని కోరుచున్నాము.